పేటెంట్ లేని పీఎన్‌జీ: బ్రౌజర్లలో ‘మద్దతు ఉంది’ అంటే ఎంతవరకు ఉన్నట్టు?

1. రేఖాచిత్రం

సభ్యులందరికీ నమస్కారం. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల బొమ్మలు మాత్రమే ఉండే ఒక వెబ్‌సైటును కొన్నేళ్లుగా నేను ఒక్కడినే చూసుకుంటున్నాను. అందులోని బొమ్మలన్నీ పీఎన్‌జీ ఫైళ్లే. పీఎన్‌జీకి కాలం చెల్లిందనీ, అన్నింటినీ కొత్త ఫార్మాట్లైన వెబ్‌పీలోకో ఏవిఫ్‌లోకో మార్చేయమనీ ఒక మిత్రుడు పట్టుబడుతున్నాడు. పీఎన్‌జీని ఎంచుకున్న రోజున నాకు తెలిసిన కారణం ఒక్కటే, దాని మీద ఎవరి పేటెంటూ లేదని. దానికి ముందున్న జిఫ్ ఫార్మాటు మీద ఉన్న పేటెంట్లు కూడా ఎప్పుడో ముగిసిపోయాయి కాబట్టి ఆ కారణానికి ఇప్పుడు విలువ ఉందా అన్నది నా మొదటి సందేహం.

రెండోది మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నన్ను వారం రోజులుగా వేధిస్తోంది. పేజీ తలభాగంలో లోగో ఉన్న పీఎన్‌జీ పట్టీ ఒకటి, దాని పక్కనే సీఎస్‌ఎస్‌తో, అంటే పేజీ రూపాన్ని నిర్దేశించే కోడుతో, వేసిన నీలం పట్టీ ఒకటి ఉన్నాయి. రెండింటికీ ఇచ్చిన రంగు అంకెలు ఒకటే: 0, 51, 102. ఒక బ్రౌజర్‌లో రెండూ అతుకు కనిపించకుండా కలిసిపోతున్నాయి. మరొకదానిలో మాత్రం లోగో ఉన్న భాగం ఉతికి వెలిసిన గుడ్డలా లేతగా కనిపిస్తోంది. అన్ని బ్రౌజర్లూ పీఎన్‌జీని చూపిస్తాయని అంటారే, మరి ఇదెందుకు జరుగుతోంది?

2. పాతబ్రౌజర్

రేఖాచిత్రం గారూ, మొదటి సందేహానికి నేను జవాబు చెబుతాను. రంగు సంగతి ‘చిత్రిక’ గారు చూస్తారని ఆశిస్తున్నాను.

జిఫ్‌ను కంప్యూసర్వ్ సంస్థ 1987లో విడుదల చేసింది. అందులో వాడిన ఎల్‌జడ్‌డబ్ల్యూ కుదింపు పద్ధతిని టెర్రీ వెల్చ్ 1984లో ఒక వ్యాసంగా ప్రచురించారు. ఆ వ్యాసం చదివిన చాలామందికి, ఆయన పనిచేసిన స్పెరీ సంస్థ అదే పద్ధతికి పేటెంటు కోరిందన్న సంగతి తెలియదు. 1985 డిసెంబరులో పేటెంటు మంజూరైంది. మరుసటి ఏడాది స్పెరీ, బరోస్ సంస్థలు కలిసి యూనిసిస్‌గా మారడంతో అది యూనిసిస్ చేతికి వచ్చింది. ప్రపంచమంతా జిఫ్‌ను ఉచితమనుకుని వాడుకుంటూ ఉండగా, 1994 డిసెంబరు చివరి వారంలో, జిఫ్‌ను రాసే, చదివే సాఫ్ట్‌వేరుకు లైసెన్సు తీసుకోవాలన్న ప్రకటన వెలువడింది. పండుగ సెలవుల్లో వచ్చిన ఆ ప్రకటన ప్రోగ్రామర్లకు ఎంత మంట పుట్టించిందంటే, వారం తిరిగేసరికి, అంటే 1995 జనవరి 4న, థామస్ బూటెల్ కొత్త ఫార్మాటు ముసాయిదాను ఒక యూజ్‌నెట్ చర్చాబృందంలో పెట్టేశారు. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఈమెయిళ్లలోనే వాదించుకుంటూ రెండు నెలల్లో దానికి రూపం తెచ్చారు. 1996 అక్టోబరు 1న అది పీఎన్‌జీ పేరుతో, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ సిఫారసు అయింది.

‘పింగ్ ఈజ్ నాట్ జిఫ్’ అనే చమత్కారం ఆ పేరు వెనుక ఉందని చెబుతారు. పీఎన్‌జీని ‘పింగ్’ అని పలకాలని ప్రమాణపత్రమే చెప్పినా ఆ మాట ఎవరూ వినలేదు, నాతో సహా.

అమెరికాలో ఎల్‌జడ్‌డబ్ల్యూ పేటెంటు 2003 జూన్‌లోనూ, ఇతర దేశాల్లో 2004లోనూ ముగిసింది. కాబట్టి జిఫ్‌కు నేడు ఏ చిక్కూ లేదు. అయినా 256 రంగులే ఉండటం, ఒక పిక్సెల్ పూర్తిగా కనబడటమో పూర్తిగా మాయమవడమో తప్ప మధ్యస్థితి లేకపోవడం దాని పుట్టుకతో వచ్చిన లోపాలు. పేటెంటు పోయినంత మాత్రాన అవి పోవు.

3. సున్నాఒకటి

పాతబ్రౌజర్ గారు చెప్పినదానికి కొనసాగింపుగా, సర్క్యూట్ బొమ్మలకు పీఎన్‌జీ ఎందుకు అంత బాగా నప్పుతుందో చెబుతాను. పేటెంటు నుంచి తప్పించుకోవడానికి మొదలుపెట్టిన పని చివరికి జిఫ్ కంటే మెరుగైన కుదింపును ఇవ్వడం ఇందులో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం.

ఎల్‌జడ్‌డబ్ల్యూ స్థానంలో వాళ్లు డిఫ్లేట్‌ను పెట్టుకున్నారు. ఫిల్ కాట్జ్ జిప్ ఫైళ్ల కోసం తయారుచేసిన పద్ధతి అది. దాన్ని పేటెంట్ల జోలికి పోకుండా రాయడానికి వీలుంది. జాఁ లూ గేలీ, మార్క్ ఆడ్లర్ రాసిన జడ్‌లిబ్ అనే కోడు లైబ్రరీని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అయితే డిఫ్లేట్ ఒక్కటే అయితే ఇంత గొప్ప ఏమీ లేదు. దానికి ముందు జరిగే వడపోతలోనే కిటుకు ఉంది.

ఒక వరుసలో పిక్సెళ్ల విలువలు 100, 101, 102, 103, 104 అని ఉన్నాయనుకోండి. ఏ రెండూ ఒకటి కావు కాబట్టి, ఇంతకుముందు వచ్చిన వరుసే మళ్లీ వచ్చిందా అని వెతికే కుదింపు పద్ధతికి ఇక్కడ పట్టు దొరకదు. ప్రతి పిక్సెల్ నుంచి దాని ఎడమ పక్కదాన్ని తీసేసి తేడా మాత్రమే రాస్తే అదే వరుస 100, 1, 1, 1, 1 అవుతుంది. ఇప్పుడు డిఫ్లేట్‌కు పండగే. ఎడమ పక్కది, పైది, ఆ రెండింటి సగటు, అలన్ పేత్ సూచించిన సూత్రం, ఏమీ చేయకుండా వదిలేయడం అని మొత్తం ఐదు రకాల వడపోతలున్నాయి. ప్రతి వరుసకూ వేరే రకాన్ని ఎంచుకోవచ్చు. ఒకే ఫార్మాటులో ఉన్న ఒకే బొమ్మను రెండు ప్రోగ్రాములు వేర్వేరు సైజుల్లో భద్రపరచడానికి ఈ ఎంపిక ఒక ముఖ్య కారణం.

ఇందులో ఒక్క పిక్సెల్ కూడా మారదు. తెల్ల నేల మీద సన్నని నల్లగీత ఉన్నచోట జేపెగ్ వేసే మురికి నీడలు పీఎన్‌జీలో రావు. ఫోటోలకు మాత్రం పీఎన్‌జీని వాడకండి, ఫైలు కొండంత అవుతుంది.

4. రేఖాచిత్రం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంత మంచి ఫార్మాటు 1996లోనే సిద్ధమైతే, ఆ తర్వాత పదేళ్ల దాకా వెబ్‌సైట్లన్నీ జిఫ్‌నే పట్టుకుని ఎందుకు వేలాడాయి?

5. వెబ్‌కార్మికుడు

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు ఉంది, ఎందుకంటే ఆ పదేళ్ల శిక్షలో కొంత భాగం నేనూ అనుభవించాను.

కాగితం మీద చూస్తే 1997లోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, నెట్‌స్కేప్ 4.04 రెండూ పీఎన్‌జీని సొంతంగా చూపించడం మొదలుపెట్టాయి. ఏ పట్టికలో చూసినా వాటి ఎదురుగా ‘మద్దతు ఉంది’ అనే రాసి ఉంటుంది. కానీ పీఎన్‌జీకి ప్రాణమైన ఆల్ఫా, అంటే ప్రతి పిక్సెల్‌కూ ఎంత పారదర్శకతో చెప్పే నాలుగో విలువ, వాటికి అర్థం కాలేదు. 2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 కూడా విండోస్ మీద ఆ పని చేయలేదు. నీడతో, మెత్తని అంచులతో తయారుచేసిన లోగోను పేజీలో పెడితే దాని చుట్టూ బూడిదరంగు డబ్బా ఒకటి ప్రత్యక్షమయ్యేది. చిత్రమేమిటంటే అదే సంస్థ 2000లో మ్యాకింటోష్ కోసం విడుదల చేసిన ఎక్స్‌ప్లోరర్ 5 ఆల్ఫాను చక్కగా చూపించేది. విండోస్ మీద ఆ సౌకర్యం రావడానికి 2006 అక్టోబరులో ఎక్స్‌ప్లోరర్ 7 దాకా ఆగాల్సి వచ్చింది.

అప్పట్లో నేను పనిచేసిన ఒక చిన్న సంస్థలో ఖాతాదారు ఒకరు ఆ బూడిద డబ్బాను స్క్రీన్‌షాట్ తీసి, దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, ‘ఇది ఏమిటి?’ అని మాత్రం రాసి పంపారు. ఆ రాత్రి ఆల్ఫాఇమేజ్‌లోడర్ అనే వడపోతను పట్టుకున్నాను. అది ఎక్స్‌ప్లోరర్‌లోనే ఉన్న సదుపాయం, దాని ద్వారా పిలిస్తే అదే బ్రౌజర్ అదే ఫైలును సరిగ్గా చూపిస్తుంది! అయితే అసలు బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీగా ఒక పారదర్శక ఫైలును పెట్టి, దాని వెనుక పీఎన్‌జీని వడపోతగా వేయాలి. ఆ ఖాళీ ఫైలు ఏ ఫార్మాటులో ఉండేదో ఊహించండి. జిఫ్! పీఎన్‌జీని బ్రౌజర్‌లో నిలబెట్టడానికి జిఫ్ భుజం అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. పైగా ఆ వడపోత వేసిన నేపథ్యచిత్రాన్ని కోరినచోటికి జరపడానికి వీలయ్యేది కాదు, దాని మీద ఉన్న లింకులు కొన్నిసార్లు నొక్కినా పలికేవి కావు.

అప్పటి నుంచి ఎవరైనా ‘అన్ని బ్రౌజర్లలోనూ మద్దతు ఉంది’ అంటే, దేనికి మద్దతు ఉంది అని అడగడం నాకు అలవాటైపోయింది. ఫైలు తెరుచుకోవడానికా, ఆల్ఫాకా, రంగుకా, కదలికకా? పట్టికలోని ఒక్క పచ్చగడిలో ఇవన్నీ ఇమడవు.

6. చిత్రిక

రంగు సంగతి నాకు అప్పగించారు కాబట్టి చెబుతున్నాను. రేఖాచిత్రం గారూ, మీ లోగో ఫైలులో గామా ఖండం ఉందేమో చూడండి.

పీఎన్‌జీ ఫైలు మొత్తం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఇంగ్లిషులో వాటిని చంకులు అంటారు. ఆ మాట తెలుగులో రాస్తే చేతి కింది చంకే గుర్తొస్తుంది కాబట్టి నేను ఖండం అంటాను. ప్రతి ఖండంలోనూ ముందు పొడవు, తర్వాత నాలుగు అక్షరాల పేరు, తర్వాత సమాచారం, చివర ఆ ఖండం చెడిపోలేదని రుజువు చేసే తనిఖీ సంఖ్య ఉంటాయి. బొమ్మ కొలతలు చెప్పేది ఒకటి, రంగుల పట్టికకు ఒకటి, అసలు పిక్సెళ్లకు ఒకటి, ముగింపుకు ఒకటి, ఈ నాలుగూ ప్రధానమైనవి. మిగిలినవి ఐచ్ఛికం. గామా ఈ రెండో జాతిది.

బొమ్మను ఎంత వెలుగు తెర కోసం తయారుచేశారో ఆ ఖండం చెబుతుంది. మామూలు తెరలకు తగిన విలువ 45455. పాత మ్యాకింటోష్ తెరలకు తగిన విలువ 55556. మీ ఫైలులో ఈ రెండోది ఉంటే, గామాను పట్టించుకునే బ్రౌజర్ నిజాయితీగా లెక్కకట్టి పిక్సెళ్లను కొంచెం లేతగా మారుస్తుంది. పక్కనున్న సీఎస్‌ఎస్ రంగుకు ఆ లెక్క వర్తించదు. గామాను పట్టించుకోని బ్రౌజర్‌లో రెండూ ఒకేలా ఉంటాయి. అంటే మీకు తప్పుగా కనిపిస్తున్న బ్రౌజరే ప్రమాణాన్ని పాటిస్తోంది, తప్పంతా ఫైలులో రాసి ఉన్న అబద్ధానిది.

ఆ ఒక్క ఖండాన్ని తీసేస్తే సరిపోతుంది. పీఎన్‌జీక్రష్ లాంటి ఉపకరణం ఆ పని చేస్తుంది. ఐచ్ఛిక ఖండాలన్నీ ఎలాగూ అవసరం లేనివే కాబట్టి మొత్తం ఊడ్చేసినా నష్టం లేదు.

7. సున్నాఒకటి

చిత్రిక గారూ, మీ వివరణ అంతా ఒప్పుకుంటాను, చివరి వాక్యం తప్ప. రంగుల పట్టికతో ఉండే 8 బిట్ల పీఎన్‌జీలో పారదర్శకత ఉండేది ఒక ఐచ్ఛిక ఖండంలోనే. చూసుకోకుండా అన్నీ ఊడ్చేస్తే పారదర్శకత కూడా చీపురుకు అంటుకుని పోతుంది. అందుకే ఇలాంటి మంచి ఉపకరణాలు దాన్ని ప్రత్యేకంగా వదిలిపెడతాయి. ఏ ఖండాన్ని తీస్తున్నామో పేరు పెట్టి చెప్పడం క్షేమం.

ఈ ఐచ్ఛికమనే మాట ఫైలులో ఎలా నమోదవుతుందో కూడా చూడండి. ఖండం పేరులో మొదటి అక్షరం క్యాపిటల్ అయితే అది ప్రధానం, చిన్న అక్షరమైతే ఐచ్ఛికం. కొత్తగా పుట్టిన ఖండం బ్రౌజర్‌కు తెలియకపోయినా, దాన్ని దాటేసి ముందుకు పోవచ్చా, లేక ‘ఇది నాకు రాదు’ అని ఆగిపోవాలా అన్నది ఆ ఒక్క బిట్టును చూసి తెలుసుకుంటుంది. రాబోయే ముప్పై ఏళ్లకు తలుపు తెరిచిపెట్టింది అదే.

8. చిత్రిక

నిజమే, తొందరపడ్డాను. సవరణకు కృతజ్ఞతలు.

9. పాతబ్రౌజర్

సున్నాఒకటి గారు చెప్పిన ఆ తలుపులోంచే కదిలే పీఎన్‌జీ, అంటే ఏపీఎన్‌జీ, లోపలికి వచ్చింది. కదిలే బొమ్మల కోసం పీఎన్‌జీ బృందం మొదట ఎంఎన్‌జీ అనే వేరే ఫార్మాటును తయారుచేసింది. అది ఎంత పెద్దదంటే, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా దాన్ని కొంతకాలం మోసి 2003లో దించేసింది. 2004లో మొజిల్లాకు చెందిన ఇద్దరు ప్రోగ్రామర్లు, పీఎన్‌జీలోనే మూడు ఐచ్ఛిక ఖండాలు చేర్చి కదలికను తెచ్చే సరళమైన పద్ధతిని ప్రతిపాదించారు. కదలిక రాని బ్రౌజర్ ఆ ఖండాలను దాటేసి మొదటి బొమ్మను మామూలు పీఎన్‌జీలా చూపిస్తుంది. ఇంత అమాయకమైన ప్రతిపాదనను కూడా 2007లో పీఎన్‌జీ బృందం ఓటు వేసి తోసిపుచ్చింది.

అయినా 2008లో ఫైర్‌ఫాక్స్ 3 దాన్ని చేర్చుకుంది. సఫారీకి 2014 దాకా, క్రోమ్‌కు 2017 దాకా పట్టింది. చివరికి 2025 జూన్‌లో వెలువడిన పీఎన్‌జీ మూడో కూర్పులో డబ్ల్యూ3సీ దాన్ని అధికారికంగా కలుపుకుంది. ప్రమాణం తోసేసినా బ్రౌజర్లు నిలబెట్టాయి, మరో విధంగా చెప్పాలంటే ఇక్కడ బ్రౌజర్లే ప్రమాణం.

10. వెబ్‌కార్మికుడు

ఇక మిత్రుడి సలహా సంగతి. వెబ్‌పీ 2010లో గూగుల్ నుంచి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 2019లో, సఫారీ 2020లో దాన్ని అందుకున్నాయి. 2019లో ఖరారైన ఏవిఫ్‌ను క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో, సఫారీ 2022లో చేర్చుకున్నాయి, ఎడ్జ్ మాత్రం 2024 జనవరి దాకా తాత్సారం చేసింది. కాబట్టి నేటి బ్రౌజర్లలో రెండూ తెరుచుకుంటాయి.

కానీ మీవి సర్క్యూట్ బొమ్మలు. వెబ్‌పీలో నష్టం వచ్చే రకం రంగు సమాచారాన్ని అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గించేస్తుంది. తెల్ల నేల మీద ఒక్క పిక్సెల్ వెడల్పున్న ఎర్ర తీగను దానిలోకి మార్చి, పెద్దది చేసి చూడండి, తడి కాగితం మీద సిరాలా చుట్టూ పాకి ఉంటుంది. నష్టం లేని వెబ్‌పీలో ఈ బాధ లేదు, చాలాసార్లు పీఎన్‌జీ కంటే ఫైలు చిన్నదిగానే వస్తుంది. మార్చదలిస్తే దానిలోకి మార్చండి. పిక్చర్ ట్యాగులో వెబ్‌పీని ముందు, పీఎన్‌జీని తర్వాత పెడితే, ముందుది రాని పాత బ్రౌజర్ తనకు వచ్చినదాన్నే తీసుకుంటుంది. మూలప్రతులు మాత్రం పీఎన్‌జీలోనే ఉంచండి. గీతలన్నీ సాఫ్ట్‌వేర్‌లో గీసినవే అయితే, బొమ్మను పిక్సెళ్లుగా కాక గీతలుగానే దాచే ఎస్‌వీజీ గురించి కూడా ఆలోచించండి, అది వేరే చర్చ.

11. సున్నాఒకటి

నేను వెబ్‌కార్మికుడు గారితో ఏకీభవిస్తాను గానీ, పేటెంటు లేకపోవడం, రాయల్టీ అడగకపోవడం ఒకటి కావని గుర్తుచేస్తాను. పీఎన్‌జీ రూపకర్తలు పేటెంటు ఉన్న పద్ధతిని అసలు ముట్టుకోకూడదని బయలుదేరారు. ఏవిఫ్ వెనుక ఉన్న వీడియో కుదింపు పద్ధతి ఏవీ1 సంగతి వేరు. అందులో పేటెంట్లున్నాయి, వాటి యజమానులైన, ఏవీ1ను తయారుచేసిన కంపెనీల కూటమి సభ్యులు రుసుము లేకుండా వాడుకోనిస్తామని హామీ ఇచ్చారు. కూటమి బయటివాళ్ల చేతులను ఆ హామీ కట్టేయలేదు. సిస్వెల్ అనే సంస్థ 2019లో ఏవీ1 మీద తమవాళ్ల పేటెంట్లున్నాయంటూ లైసెన్సు పథకం ప్రకటించింది కూడా. జేపెగ్ లాంటి పాత ఫార్మాటునూ 2002లో ఫార్జెంట్ అనే సంస్థ ఇలాగే ఒక పాత పేటెంటుతో పట్టుకుని, 2006 దాకా వదల్లేదు.

ఇంకో సంగతి. జేపెగ్ ప్రమాణంలో అరిథ్‌మెటిక్ కోడింగ్ అనే మెరుగైన కుదింపు మొదటి నుంచీ ఉంది. పేటెంట్లకు భయపడి ఎవరూ దాని జోలికి పోలేదు. ఆ పేటెంట్లు ముగిసిపోయాయి, అయినా ఇవాళ్టికీ ఆ రకం జేపెగ్‌ను మన బ్రౌజర్లు తెరవవు. రేఖాచిత్రం గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. పేటెంటు గడువు తీరగానే అంతా సర్దుకోదు. అది అడ్డుపడిన ఏళ్లలో ఎవరూ రాయని కోడు, తర్వాత కూడా ఎవరూ రాయరు.

12. పాతబ్రౌజర్

పేటెంటు అడ్డు లేకపోయినా రాయకపోవచ్చు. జేపెగ్ వారసుడిగా వచ్చిన జేపెగ్ ఎక్స్‌ఎల్‌కు రాయల్టీ లేదు, అంతర్జాతీయ ప్రమాణం అయింది, 2023లో సఫారీలోకి వచ్చింది. క్రోమ్ మాత్రం ప్రయోగదశలో పెట్టుకున్నదాన్ని 2022 చివర్లో తీసేస్తున్నట్టు ప్రకటించింది.

13. రేఖాచిత్రం

చిత్రిక గారు అన్నట్టే లోగో ఫైలులో గామా విలువ 55556 ఉంది. ఎన్నో ఏళ్ల కిందట ఎవరో పాత యంత్రం మీద భద్రపరిచి ఉంటారు. ఆ ఒక్క ఖండాన్నే తీసేశాను, పట్టీలు రెండూ రెండు బ్రౌజర్లలోనూ కలిసిపోయాయి. పారదర్శకత భద్రంగా ఉంది, సున్నాఒకటి గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

అయితే అన్ని ఫైళ్లనూ పరీక్షిస్తుంటే కొత్త తలనొప్పి బయటపడింది. 11 ఫైళ్లు ఏ బ్రౌజర్‌లోనూ తెరుచుకోవడం లేదు. ఒకదాన్ని బైట్లు చూపించే ఎడిటర్‌లో తెరిస్తే మొదట్లో 239, 191, 189, 80, 78, 71 అని ఉన్నాయి. బాగున్న ఫైలులో 137, 80, 78, 71 అని ఉన్నాయి.

14. చిత్రిక

ఆ మొదటి మూడు బైట్లే దొంగను పట్టిస్తున్నాయి. పీఎన్‌జీ సంతకం ఎనిమిది బైట్లు: 137, 80, 78, 71, 13, 10, 26, 10. ఇది ఊరికే పెట్టిన అలంకారం కాదు. 137 తర్వాతి మూడూ పీఎన్‌జీ అనే అక్షరాలు. 13, 10 జంట ఎక్కడైనా 10గా మారితే, ఎవరో ఫైలును పాఠ్యంగా భావించి పంక్తి ముగింపులను ‘సరిదిద్దారని’ అర్థం. 26 ఉన్నచోట పాత డాస్ తెర మీద ఫైలును ముద్రించడం ఆపేస్తుంది. మొదటి 137 మామూలు ఇంగ్లిషు అక్షరాల పట్టిక అయిన ఆస్కీ హద్దు దాటిన విలువ, కాబట్టి ఫైలును పాఠ్యమని పొరబడే అవకాశం తగ్గుతుంది.

మీ ఫైళ్లను ఏదో ప్రోగ్రాము యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి) పాఠ్యంగా చదివి మళ్లీ రాసింది. ఆ పద్ధతిలో 137 ఒంటరిగా చెల్లదు. చెల్లని బైట్ కనిపించిన ప్రతిచోటా ఒకే గుర్తును, అంటే 239, 191, 189 అనే మూడు బైట్లను పెట్టుకుంటూ పోయింది. లోపల 137 ఉన్నా, 200 ఉన్నా, 250 ఉన్నా ఇప్పుడన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వాటిని వెనక్కి తెచ్చే మార్గం లేదు. మూలప్రతుల నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. ఈసారి ఎక్కించేటప్పుడు, బొమ్మలను పాఠ్యంగా చదివే దశ ఏదైనా మధ్యలో ఉందేమో వెతకండి.

15. రేఖాచిత్రం

దొరికింది. కొన్ని నెలల కిందట ఫోల్డర్ మొత్తం మీద ఒక పదాన్ని మరో పదంగా మార్చడానికి నేనే రాసుకున్న చిన్న స్క్రిప్టు, పొరపాటున ఒక ఉపఫోల్డర్‌లోని బొమ్మలను కూడా పాఠ్యంగా తెరిచి రాసింది. ఆ 11 ఫైళ్లూ ఆ ఉపఫోల్డర్‌లోవే. వాటిలో తొమ్మిదింటికి బ్యాకప్ ఉంది. మిగిలిన రెండు సర్క్యూట్లనూ రేపు కూర్చుని మళ్లీ గీస్తాను.